ఉలవకట్టు తాగిన రాజు

మా ఊళ్ళో పేకాట ఆడేవాళ్ళు రాజు ముక్కను కింద పడెయ్యరు. "పెద్దాయన్ని ఈడ కూర్చోబెడతాండా" అని చెప్పి రెండు చేతులతో మెల్లగా చాప మీద పెడతారు. చదరంగమైతే అసలు ఆడనే ఆడరు. ఒకసారి అనంతపురం నుంచి ఒక మాస్టరు వచ్చి, రాజును ఎటూ కదలకుండా కట్టేసి ఆట ముగించడం ఎలాగో పిల్లలకు చూపించబోయాడు. ఊరి పెద్దలు ఆయనకు భోజనం పెట్టి, పంచె చాపు చేతిలో పెట్టి, సాయంత్రం రైలెక్కించి పంపేశారు. నాటకాల్లోనూ అంతే. చివర్లో తొడ విరిగి పడిపోవలసిన రాజు మా ఊళ్ళో మాత్రం కుంటుకుంటూ లేచి వచ్చి అందరితో కలిసి మంగళం పాడతాడు. బయటివాళ్ళు దీన్ని రాజభక్తి అనుకొని నవ్వుతారు. వాళ్ళ ముఖం. అది భక్తి కాదు, రైలు.

మాది ధర్మవరానికీ కదిరికీ నడుమ, రాళ్ళగుట్టల మధ్య ఉన్న చిన్న ఊరు. బస్సు రాదు. ఆటో రావాలంటే ఆటో అతనికి మనతో చుట్టరికమైనా ఉండాలి, లేదా అతను దారైనా తప్పి ఉండాలి. కానీ పొద్దున గుంతకల్లు దిక్కు నుంచి వచ్చే ప్యాసింజరు మా ఊళ్ళో రెండు నిమిషాలు ఆగుతుంది. సాయంత్రం తిరిగి వెళ్ళేటప్పుడు మళ్ళీ ఆగుతుంది. స్టేషనంటూ ఏమీ లేదు. ఒక సిమెంటు అరుగు, ఒక బోర్డు, ఒక వేపచెట్టు, కమీషను మీద టికెట్లమ్మే ఒక మనిషి. ఆయన్ను ఊరంతా టికెట్లన్న అంటుంది. మాకంటే పదింతలున్న ఊళ్ళను కూడా చూడనట్టు దాటిపోయే ఆ రైలు మా అరుగు దగ్గర ఎందుకు ఆగుతుందంటే, ఆగాలని ఒక రాజు మాట ఇచ్చాడు. తన ఒంట్లో ప్రాణం ఉన్నంత వరకు ఆగాలన్నాడు. ఆయన ఇంకా ఉన్నాడు.

ఈ కథ నాకు జేజి చెప్పింది. జేజి అంటే మా నాయనకు అమ్మ. ఆమెకు ఆమె అత్త చెప్పింది, ఆ అత్తకు వాళ్ళత్త చెప్పింది. ఆ ఆఖరి అత్త దగ్గరే అసలు సంగతి మొదలైంది. అప్పట్లో మన దేశాన్ని ఏలుతున్న తెల్లవాళ్ళ రాజు గద్దెనెక్కేసరికే అరవై దాటిన మనిషి. పైగా ఊపిరితిత్తుల జబ్బు. ఆరు నెలలు, మహా అయితే ఇంకో నెల అని డాక్టర్లు తేల్చేశారు. పోయేలోపు తన రాజ్యం ఒకసారి కళ్ళారా చూసుకోవాలని ఆయన బయలుదేరాడు. దారిలో ఇంజనుకు నీళ్ళు చాలక రైలు మా ఊరి దగ్గర ఆగింది. నీళ్ళ కోసం మా ఊళ్ళో రైలాపిన ఆ డ్రైవరెవరో గాని, ఈ ప్రాంతానికి కొత్తవాడై ఉంటాడు.

అప్పుడూ కరువే. ఊరి ఆవులన్నీ ఇంజను కింద కారుతున్న చుక్కల కోసం పట్టాల మీదికి చేరాయి, బండి కదలలేదు. రాజు కొన్నాళ్ళుగా మెతుకు ముట్టలేదట. పట్టాల పక్క గుడిసెలో మా ఆఖరి అత్త ఉలవలు ఉడకబెట్టి, కట్టు వార్చి, వెల్లుల్లి దంచి తిరగబోత పెడుతోంది. ఆ ఘాటు రాజున్న రైలుపెట్టెలోకి పోయింది. రాజు లేచి కూర్చొని అదేమిటని అడిగాడు. గుర్రాలకు పెట్టే గింజ, మీకు తగదు అన్నారు పక్కనున్న దొరలు. "గుర్రాలు నాకంటే బాగానే ఉన్నాయి కదా" అని రాజు ముంత అందుకున్నాడు. కడుపు నిండా తాగి, ఒళ్ళంతా చెమట పట్టి, గురకపెట్టి నిద్రపోయి, మర్నాడు లేచి అన్నం అడిగాడు. తిరుగు ప్రయాణంలో అదే చోట రైలాపించి ఆమెను పిలిపించాడు, ఏం కావాలో కోరుకోమన్నాడు. ఆమె పొలం అడగలేదు, బంగారం అడగలేదు. "ఈ బండి రోజూ ఈడ నిలబడితే మేం సంతకు పోయొస్తాం సామీ" అంది. ప్రాణం ఉన్నంత వరకు నిలబడుతుందని రాజు మాటిచ్చాడు. దొరలు లోపల్లోపల నవ్వుకొని ఉంటారు, ఆరు నెలల రైలే కదా అని.

ఆరు నెలలు గడిచాయి. అరవై ఏళ్ళు గడిచాయి. ఆరు నెలలన్న డాక్టర్లు పోయారు. వాళ్ళ కొడుకులూ డాక్టర్లై, వాళ్ళూ ఆరు నెలలే అని చెప్పి, వాళ్ళూ పోయారు. రాజుగారింట్లో యువరాజంటే చేతికర్ర పట్టుకొని నడిచే ముసలాయన. అలాంటి యువరాజులు వరసగా కొందరు గద్దె కోసం కాచుకొని కాచుకొని దాటిపోయారు. రెండు పెద్ద యుద్ధాలు వచ్చిపోయాయి, రెండింటి తర్వాత జరిగిన సభల్లోనూ ఆయన ముందు వరసలో కూర్చొని కునుకు తీశాడు. చుట్టుపక్కల రాజులందరినీ జనం దింపేశారు గాని ఈయన్ను దింపడానికి ఎవరికీ చేతులు రాలేదు. ఎలాగూ నేడో రేపో అన్నట్టున్నాడు, పాపం ముసలాయన అని ఊరుకున్నారు. మనకు స్వాతంత్ర్యం ఇచ్చేటప్పుడు ఒప్పందం చివర ఎవరో ఒక మాట చేర్చారు, రాజు స్వయంగా నోటితో ఇచ్చిన వరాలు ఆయన బతికున్నంత వరకు చెల్లుతాయని. అప్పటికే నూరు దాటిన మనిషి. రెండు పక్షాలవాళ్ళూ ఒకరి ముఖం ఒకరు చూసుకొని సంతకం పెట్టేశారు. వరాలు పొందినవాళ్ళు దేశంలో అప్పట్లో చాలామందే ఉండేవారట. మైసూరు దిక్కున ఒక ఏనుగుకు జీవితాంతం చెరకు, ఇంకెక్కడో ఒక పాటగాడికి ఏటా శాలువా. ఏనుగు పోయింది, పాటగాడూ పోయాడు. మాది రైలు కాబట్టి నిలిచింది.

ఇప్పుడాయన వయసు నూటడెబ్బై పైమాటే. లోకం ఆయన ఆయుష్షుకు కారణాలు వెతుకుతూనే ఉంది. చల్లటి గాలి అంటారొకరు, చేపనూనె అంటారొకరు, వంశంలోనే ఉందంటారొకరు. వంశంలో ఉంటే కొడుకులెందుకు పోయారో చెప్పరు. మాకు కారణం తెలుసు. ఏటా కోతలయ్యాక మా ఊరి తరఫున ఒక బస్తా ఉలవలు రాజభవనానికి పోతుంది. శెనక్కాయ పంట చేలోనే మాడిపోయి, పశువులకు గడ్డి లారీల్లో తెప్పించుకున్న ఏళ్ళల్లో కూడా ఆ బస్తా ఆగలేదు. మేము సంగటిలోకి ఉత్త పచ్చిమిరపకాయ నంజుకొని ఉలవలు ఆయనకు పంపాం. అక్కడి వంటాయనతో మాట్లాడే పని నాది, ఊళ్ళో ఇంగ్లీషు వచ్చింది నాకే కాబట్టి. ఆ వంటాయన కట్టులో వెన్న వేసి చెడగొడతాడు. వద్దని ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నాను, సరేనంటాడు, మళ్ళీ వేస్తాడు.

నేను కదిరి దగ్గర ప్రభుత్వ హైస్కూల్లో ఇంగ్లీషు టీచర్ని. యాభై నాలుగేళ్ళు, తల ముప్పాతిక నెరిసింది. అమ్మానాయనా బెంగళూరులో తమ్ముడి దగ్గరుంటారు, నేను జేజి దగ్గరుంటాను. బడికి ఆ రైల్లోనే పోతాను గాని, రైలు నాకోసం ఆగుతుందని నేనెప్పుడూ అనుకోలేదు. అది జేజి కోసం ఆగుతుంది.

జేజికి తొంభైకి అటో ఇటో. ఇప్పటికీ ఊరందరికంటే ముందే లేచి, బొరుగులు తడిపి ఒగ్గాణి కలుపుతుంది, మిరపకాయ బజ్జీలు వేస్తుంది, గంప నెత్తిన పెట్టుకొని అరుగు మీదికి వస్తుంది. మొదటి పొట్లం డ్రైవరుకు. తర్వాత కిటికీ కిటికీకీ. చిల్లర లేదన్నవాళ్ళను కదులుతున్న రైలు పక్కన నడుస్తూ తిడుతుంది. సాయంత్రమయ్యేసరికి "నాకింగ చాలు పాపా, రేపు లేయను, పైకి పోతా" అంటుంది. నన్నింకా పాపా అనే పిలుస్తుంది. పొద్దున గుట్టల అవతల రైలు కూత వినబడేసరికి గంప ఎత్తమని నన్నే కేకలేస్తుంది. ఎన్నో ఏళ్ళుగా ఇదే తంతు. ఆమెను ఈ లోకంలో పట్టి ఉంచింది నా సేవా కాదు, డాక్టరు మాత్రలూ కాదు, ఆ కూత. అందుకే ఎక్కడో ఉన్న ఆ ముసలి రాజుకు దగ్గు వచ్చిందని వింటే నా గుండెల్లో రాయి పడేది. రాజు పోతే రైలు ఆగదు, రైలు ఆగకపోతే జేజి లేవదు.

పోయిన చలికాలం రాజు పుట్టినరోజు వచ్చింది. ఆ రోజు మేం అరుగు కడిగి ముగ్గులేసి, ఆయన పటం ముందు ముంతెడు ఉలవకట్టు పెడతాం. టికెట్లన్న తన ఫోనులో, రాజు మేడ మీద నిలబడి జనానికి చెయ్యూపడం చూపిస్తున్నాడు. కిరీటం లేదు. తలకు ఉన్ని టోపీ, భుజాల మీద దుప్పటి. ఉన్నట్టుండి ఒక నల్లటి పక్షి దిగి, ఆ టోపీ మీద రెండు కాళ్ళతో తన్ని ఎగిరిపోయింది. అక్కడి జనం నవ్వారు, రాజు కూడా నవ్వాడు. మా అరుగు మీద ఒక్కరూ నవ్వలేదు.

"కాకి తన్నె" అంది జేజి.

కాకి తల మీద తన్నితే ఆ మనిషికి ప్రాణగండం. దానికి మా దగ్గర ఒకటే విరుగుడు. ఆ మనిషి పోయాడని చుట్టాలకు అబద్ధపు కబురు పంపాలి. వాళ్ళు నిజమని నమ్మి ఏడవాలి. ఆ ఏడుపుతో గండం తీరిపోతుంది. తర్వాత నిజం చెప్పి, వాళ్ళ తిట్లు తిని, వాళ్ళకు భోజనం పెట్టి పంపాలి. మా నాయనకు ఒకసారి ఇలాగే జరిగింది. కబురు విని చిలమత్తూరు నుంచి మా మేనత్త దారిపొడుగునా ఏడ్చుకుంటూ వచ్చి, వాకిట్లో కూర్చొని శెనక్కాయలు వలుస్తున్న నాయనను చూసి, కాలి చెప్పు చేతికి తీసుకుంది.

"అది ఆ దేశం కాకి జేజీ" అన్నాడు టికెట్లన్న. "మన శాస్త్రం దానికేం తెలుస్తాది?"

"కాకి యాడైనా కాకే. మాటలు మాని, ఆయప్పకు చుట్టాలెవరుండారో చూడు."

"చుట్టాలకు కబురు పంపితే ఏడుస్తారా వాళ్ళు?" అన్నాడు సర్పంచు. "ఎన్ని తరాల నుంచో కాచుకోనుండారు. బాణాసంచా కాలుస్తారు."

అదీ నిజమే. మరి రాజు కోసం మనస్ఫూర్తిగా ఏడ్చేదెవరు? మేమే. కానీ మాకు అది అబద్ధమని తెలుసు, తెలిసి ఏడిస్తే చెల్లదు. అందరూ తలలు పట్టుకున్నారు. చివరికి జేజే చెప్పింది, గుట్టకవతలి ఊరికి కబురు పంపమని. ఆ ఊరివాళ్ళూ మా అరుగు దగ్గరే రైలెక్కుతారు. రాజు పోయాడంటే గుండె బాదుకునేవాళ్ళు మా తర్వాత ఈ భూమ్మీద వాళ్ళే.

నేను వద్దన్నాను. అది కాకి అవునో కాదో కూడా తెలియదన్నాను. చదువు చెప్పేదాన్ని, ఇలాంటి పిచ్చి పనికి నేను ఒప్పుకోనన్నాను. "అట్లైతే గండం నువ్వు తీర్చు" అంది జేజి. నా చదువులో దానికి పాఠం లేదు. కబురు వెళ్ళిపోయింది.

సాయంత్రానికల్లా గుట్ట దిగి ఊరికి ఊరే వచ్చింది. అంత గొప్ప ఏడుపు నేను సొంత మనుషుల చావుల్లో కూడా వినలేదు. ఆడవాళ్ళు వేపచెట్టు కింద కూలబడి, "ఇంగ మేం ఆస్పత్రికి ఎట్ల పోదుము సామీ, సంతకు ఎట్ల పోదుము సామీ" అని రాగం తీశారు. మగవాళ్ళు తువ్వాళ్ళు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వాళ్ళను చూసి మావాళ్ళకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ అబద్ధపు కబురు పంపిన సర్పంచే కళ్ళు తుడుచుకుంటూ నా చెవి దగ్గరికి వచ్చి, "నిజంగా బాగానే ఉండాడు కదా మేడం?" అని అడిగాడు. ఇక చాలు, నిజం చెప్పేయమని నేను జేజిని తొందరపెట్టాను. "ఇంకొంచేపు ఏడ్వనీ పాపా, కాకి గట్టిగా తన్నింది" అంది.

తర్వాత నిజం చెప్పారు. వాళ్ళు మా ఏడు తరాలనూ తిట్టారు. సంగటి, ఉలవకట్టు వడ్డించాక తిట్లు మెల్లగా తగ్గాయి. రెండోసారి వడ్డించేసరికి నవ్వులు కూడా మొదలయ్యాయి. గండం తీరిపోయిందని జేజి హాయిగా నిట్టూర్చింది. ఆ సందడిలో ఊరంతా ఒక సంగతి మరిచిపోయాం.

ఫ్లెక్సీ.

కబురు అందిన వెంటనే ఆ ఊరి యువజన సంఘంవాళ్ళు బైకుల మీద కదిరికి పోయి ఫ్లెక్సీ కొట్టించుకొచ్చారు. చావైనా పుట్టుకైనా ఫ్లెక్సీ లేకపోతే జరగనట్టే కదా ఇప్పుడు. దాన్ని మా అరుగు మీద బోర్డుకు అడ్డంగా కట్టి భోజనాలకొచ్చారు. నడుమ రాజు, ఆయన చుట్టూ నల్ల కళ్ళద్దాలు పెట్టుకొని, ఫోను చెవి దగ్గర పట్టుకొని, గంభీరంగా ఎటో చూస్తున్న పదిమంది. "మా రైలు దేవుడికి కన్నీటి వీడ్కోలు" అని కింద పెద్ద అక్షరాలు. పోయింది ఎవరో తెలుసుకోవాలంటే కాస్త వెతుక్కోవాలి. మేమంతా ఊళ్ళో విస్తళ్ళ ముందు ఉండగా సాయంత్రం రైలు వచ్చింది. డ్రైవరు ఆ ఫ్లెక్సీ చూసి, దండం పెట్టి, ఫోటో తీసుకొని, పైవాళ్ళకు పంపించి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున జేజి గంపతో అరుగు చివర నిలబడింది. కూత వినబడింది. రైలు మలుపు తిరిగి వచ్చింది. వేగం తగ్గలేదు. జేజి అలవాటుగా మొదటి పొట్లం చేత్తో పైకి పట్టుకుంది. ఇంజను ఆమె ముందు నుంచి పోయింది, పెట్టెలన్నీ పోయాయి, కిటికీల్లోంచి తెలిసిన ముఖాలు ఆశ్చర్యంగా చూస్తూ పోయాయి. దుమ్ము అణిగాక కూడా ఆమె చెయ్యి పైనే ఉంది. నేనే వెళ్ళి దించాను.

జేజి బజ్జీలు ఊళ్ళో పంచిపెట్టింది. ఇంటికి వచ్చి, మంచమెక్కి, గోడవైపు తిరిగి పండుకుంది. మధ్యాహ్నం సంగటి ముద్ద పెడితే వద్దంది. మర్నాడు పొద్దున కూత వినబడింది. నేను ఆమెవైపు చూశాను. కళ్ళు తెరిచే ఉంది, లేవలేదు. రైలు ఆగకుండా పోయిన చప్పుడు ఇద్దరం విన్నాం.

"ఇంగ లేసేదెందుకు పాపా" అంది గోడతో.

నాకు భయమేసింది. కోపం కూడా వచ్చింది, కాకి మీద, యువజన సంఘం మీద, అందరికంటే ఎక్కువగా ఆ గోడ మీద. సర్పంచు పట్టువదలకుండా ఫోన్లు చేస్తే చివరికి రైల్వే నుంచి ఒక సారు జీపులో వచ్చాడు. మర్యాదస్తుడే. ఆయన ఫోనులో మా ఫ్లెక్సీ ఉంది.

"రాజు బాగుండాడు సార్, దినామూ టీవీలో కనపడ్తాండాడు" అన్నాడు సర్పంచు.

"టీవీలో ఎప్పుడో పోయిన హీరోలు కూడా కనబడతారు" అన్నాడు సారు. "వరం మీది. ఆయన పోయాడని బోర్డు కట్టింది కూడా మీ అరుగు మీదే. ఇప్పుడు నేను రైలాపితే పైవాళ్ళు నన్ను అడుగుతారు కదా. పింఛను తీసుకునే పెద్దవాళ్ళంతా ఏడాదికోసారి బతికే ఉన్నామని చూపించుకుంటారు. ఈయన కూడా చూపించుకోవాలి. నా ముందు, తన నోటితో చెప్పాలి."

నేను ఫోను తీసి వంటాయనకు వీడియో కాల్ చేశాను. మాకు మధ్యాహ్నం, వాళ్ళకు పొద్దున. ఆయన అప్పుడే గిన్నెలో కట్టు పోసుకొని రాజు గదికి పోతున్నానన్నాడు. వెన్న వేశావా అని అడిగాను, అక్కడ మంచు కురుస్తోందని చెప్పాడు. సంగతంతా వివరించాను. లోపలికి పోయి వచ్చి, రాజు మాట్లాడతాడు గాని ఉలవకట్టు ఇంటి ఆడమనిషి ఎదురుగా ఉండాలంటున్నాడన్నాడు.

జేజి రానంది. టికెట్లన్న ఒకవైపు, సర్పంచు ఒకవైపు పట్టుకొని, ఆమెను మంచంతో సహా అరుగు మీదికి మోసుకొచ్చారు. వేపచెట్టు కింద మంచం దించారు. ఊరంతా చుట్టూ చేరింది, గుట్టకవతలివాళ్ళు కూడా వచ్చారు, ఈసారి ఫ్లెక్సీ లేకుండా. జేజి ఫోనుకు వీపు పెట్టి పండుకుంది.

ఫోనులో ఉన్ని టోపీ కనబడింది, దాని కింద ముడతలు, ముడతల మధ్య రెండు చిన్న నీలం కళ్ళు. సారు నిటారుగా నిలబడి, తమరు బతికే ఉన్నారా అని ఇంగ్లీషులో అడిగాడు.

"ఇక్కడివాళ్ళు అలాగే అంటున్నారు" అన్నాడు రాజు.

సారు తృప్తిగా తలూపాడు. జనం చప్పట్లు కొట్టారు. పని అయిపోయింది, ఫోను పెట్టేద్దామనుకున్నాను. కానీ రాజు చెయ్యెత్తి ఆగమన్నాడు. తన మాటలు ఆ అమ్మకు తెలుగులో చెప్పమన్నాడు.

"మాటిచ్చినప్పుడు నాకు ఆరు నెలలే అన్నారు" అన్నాడు. "ఆరు నెలలు నిలబెట్టుకోవడం ఎంతసేపు అనుకున్నాను. నా పిల్లలు పోయారు. వాళ్ళ పిల్లలూ పోయారు. నాతో పేకాడేవాళ్ళెవరూ మిగల్లేదు. ఏటా ఇక చాలు, పోదామనుకుంటాను. అంతలో మీ బస్తా వస్తుంది. నేను పోతే అక్కడ రైలు ఆగదు కదా అని గిన్నె అందుకుంటాను. ఆ అమ్మను అడుగు. ఇక నేను పోవచ్చా?"

నేను తెలుగులో చెప్పాను. సర్పంచు రెండు చేతులూ అడ్డంగా ఊపుతూ, వద్దని చెప్పమని జేజి వీపుకు సైగలు చేస్తున్నాడు. టికెట్లన్న కళ్ళు మూసుకున్నాడు.

జేజి మెల్లగా ఇటు తిరిగింది. ఫోను వైపు చాలాసేపు చూసింది. కంటిచూపు సరిగా ఆనదు, దగ్గరికి తెమ్మంది.

"ఏమప్పా, సన్నబడినావే" అంది. "నాకూ నీ మాదిరే ఉండాది. నేనూ ఇంగ చాలనుకొని పండుకున్యా. రైలు నిలబడకపోతే నేను లేసి ఏం జేయల్ల? నువ్వేమో నేను గింజలు పంపుతాండానని లేస్తాండావు." మోచేతి మీద కాస్త లేచింది. "పోయేటోళ్ళను పట్టి ఉంచేది పాపం. నాకు తెల్దా? అయితే ఈ పాపకు ఇంగా ఉద్యోగముండాది. ఆ రైలు లేకపోతే ఇది కదిరికి పోలేదు. ఇది రిటైరయ్యేదాంక ఓర్సుకో. అంతదాంక నేనూ ఉంటా. నీ గింజలు నేనే ఏరి పంపుతా. ఆ పైన ఇద్దరం ఒకేసారి పోదాం."

నేను ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. రాజు గడ్డం గోక్కున్నాడు.

"అది ఎన్నేళ్ళు?" అన్నాడు.

జేజి నావైపు చూసింది. "ఎన్నేండ్లుండాది పాపా నీకు?"

ఎనిమిదేళ్ళుంది. ఆ అరుగు మీద నిలబడిన ప్రతి మనిషికీ నా వయసు తెలుసు, సగంమందికి నేనే చదువు చెప్పాను. ఫోనులో ఆ చిన్న కళ్ళు ఎదురుచూస్తున్నాయి. మంచం మీద జేజి ఎదురుచూస్తోంది.

"ఇరవై" అన్నాను. ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి.

సారు నెరిసిన నా తలవైపు చూశాడు. ప్రభుత్వ ఉద్యోగి, రిటైర్మెంటు వయసు ఆయనకు తెలియనిది కాదు. సర్పంచు గొంతు సవరించుకొని, "మేడం చిన్నపిల్ల సార్" అన్నాడు. "పుట్టకముందే ఉద్యోగమొచ్చె, అందుకే పెద్దదాని మాదిరి కనపడ్తాది" అన్నాడు టికెట్లన్న. సారు తన ఫోను జేబులో పెట్టుకున్నాడు. రేపటి నుంచి ఆగుతుందని చెప్పి జీపెక్కాడు.

రాజు దీర్ఘంగా నిట్టూర్చాడు. జేజి కూడా నిట్టూర్చింది. "సరే" అన్నాడు ఆయన. "సరేలే, ఏం జేస్తాం" అంది ఈమె. ఆయన గిన్నె అందుకొని ఒక గుక్క తాగి, ముఖం చిట్లించి, వంటాయనను వెన్న గురించి ఏదో అడిగాడు. ఫోను ఆగిపోయింది.

మర్నాడు పొద్దున కూత వినబడకముందే వంటింట్లో గిన్నెల చప్పుడు. బొరుగులు ఎవరు ఇంత తడిపారని నన్ను తిట్టడం. రైలు ఆగింది. మొదటి పొట్లం డ్రైవరుకు ఇస్తూ, "ఫోటోలు బాగా తీస్తావంట కదప్పా" అని జేజి అడిగితే ఆయన తల దించుకొని రెండు పొట్లాలు కొన్నాడు.

ఆ ఆదివారం కదిరిలో తలకు వేసుకునే నల్లరంగు కొని తెచ్చాను. వాకిట్లో అద్దం పెట్టుకొని రాసుకుంటుంటే జేజి వచ్చి నిలబడింది. ఈ వయసులో ఇదేం సోకు అంటుందనుకున్నాను. ఇంకా ఇరవయ్యేళ్ళు ఉద్యోగం చేయాలి కదా అని చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను.

ఆమె నా చేతిలోంచి బ్రష్షు లాక్కుంది. "ఇట్ల తిరుగు పాపా" అంది. "ఎనకాల తెల్లగా కనపడ్తాండాది. ఆయప్ప ఫోన్లో చూస్తే ఏమనుకుంటాడు."